అన్న పలక మీద ఇసుక

ఉదయం ఆరుంబావుకు మా వదినె నీటి ఒడ్డున కూర్చుని ఎరువుల సంచిలో ఇసుక నింపుతోంది. చాటతో ఎత్తి పోస్తోంది. మధ్యమధ్య ఆగి సంచిని రెండు చేతులతో లేపి చూసి, మళ్లీ పోస్తోంది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదు.

ఇది ఎనభైల మధ్యలో మాట. ఎల్లారెడ్డి అవతల, నిజాంసాగర్ వెనుక నీళ్ల పక్కన మా ఊరు. చేపలు పట్టే ఇండ్లు ఎక్కువ. అక్కడి యువజన సంఘానికి ఒక రేకుల గది, ఒక క్యారమ్ బోర్డు ఉండేవి. వానలు తగ్గాక ఏటా తెరచాపల పందెం పెట్టేవారు. నేను అప్పుడు కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. ఆ ఏడు వానకాలం మొదట్లో మా అన్న కామెర్లతో పోయాడు.

మాలో ఒక పద్ధతి ఉండేది. పడవ గలవాడు పోతే, ఆ పడవ అతని బరువుతో ఒకసారి నీళ్ల మీద తిరిగి రావాలి. అతను కూర్చునే పలక మీద ఇసుక సంచి పెడతారు. సంచి భార్యే నింపాలి. కాంటా పెట్టరు, ఆమె చేతి అంచనాయే తూకం. పూర్వం దీన్ని విడిగా చేసేవారట. పందెం మొదలయ్యాక, అందరూ ఎలాగూ ఒడ్డునే ఉంటారని అందులో కలిపేశారు. గెలవాలని లేదు. బోల్తా పడకుండా తిరిగి వస్తే పడవ ఇంటివాళ్లది. పడితే దాన్ని విప్పి చెక్కలు చేస్తారు.

వదినెకు ఆ పడవ తప్ప వేరే ఆధారం లేదు. ఇద్దరు ఆడపిల్లలు. పడవ పోతే మద్నూర్ దిక్కున ఉన్న పుట్టింటివాళ్లతో కలిసి మహారాష్ట్రకు చెరకు నరకడానికి పోవాలి. పిల్లలనూ వెంట తీసుకుపోవాలి. ఆ సంగతి ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు.

చుక్కాని మా అన్న స్నేహితుడు పట్టాడు. ఎల్లారెడ్డిలో ఆయనది దర్జీ దుకాణం. పందెం పడవల తెరచాపలన్నీ ఆయన కుట్టినవే. అందరూ భాయ్ అనేవారు. తెరచాప తాడు నా చేతిలో ఉంది. అన్న బతికి ఉన్నప్పుడు పడవలో అన్న పని ఒక్కటే. గాలి వచ్చే వైపు పలక చివరికి జరిగి, వీపును నీళ్ల మీదికి వేలాడేసి, పడవ ఒరగకుండా ఆపడం.

వదినె సంచిని చంకనేసుకుని తెచ్చింది. భాయ్ అందుకుని ఆగిపోయాడు.

"వదినె, గిది తక్కువున్నది."

"సరిపోతది."

"అన్న గింతేనా? ఆయన కూసుంటె పలక కిర్రుమనేది."

"దవాఖాన్ల ఆఖరుకు నేనే లేపి కూసోపెట్టిన. నా చేతికి తెలిసిన బరువు గిదే."

భాయ్ సంఘం పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ముడి వడ్డది బిడ్డా. ఇగ ఇప్పరాదు."

బయలుదేరేటప్పుడు పక్క పడవలోంచి ఒకడు, "ఏం భాయ్, చాప కుట్టినవా, పైజామ కుట్టినవా?" అని అరిచాడు.

"నీ లాగు కుట్టిన చెయ్యే ఇది. చినిగిందా చెప్పు," అన్నాడు భాయ్.

వాడు నవ్వి, అంతలో మా పలక మీద సంచిని చూసి నవ్వు ఆపేశాడు. తరువాత ఏ పడవా మా దగ్గరికి రాలేదు.

నీళ్లలో మునిగిన పొలాల మధ్య ఒక పాత మోటబావి గోడ పైకి కనిపించేది. దాన్ని చుట్టి రావాలి. అక్కడిదాకా గాలి మెత్తగా ఉంది. తిరిగాక గాలి ఇంకో పక్క నుంచి వస్తుంది కనుక సంచిని అవతలికి జరపాలి. ఒడ్డున దాన్ని నేను ఒక్క చేత్తో సర్దాను. బావి దగ్గర ఒక్క చేతికి కదల్లేదు. తాడును కాలి కింద తొక్కిపెట్టి రెండు చేతులతో లాగితే మెల్లగా వచ్చింది. పలక కిర్రుమంది.

భాయ్ విన్నాడు.

సగం దూరంలో గాలి ఒక్కసారిగా కొట్టింది. ముందున్న పడవ కళ్ల ముందే తిరగబడింది. మాది కూడా ఒరిగింది. అంచు మీదుగా నీళ్లు నా మోకాళ్ల మీదికి వచ్చాయి.

"తాడు ఇడువు తమ్మి, ఇడువు," అన్నాడు భాయ్.

వదిలేలోపే పడవ లేచింది. ఎవరో వీపు వెనక్కి వాల్చినట్టు, తొందర లేకుండా లేచి నిలబడింది. నేను పలక వైపు చూడలేదు. చూస్తే సంచే కనిపిస్తుందని తెలుసు. అయినా చూడలేదు.

మేము చివరగా చేరాం. "సంచి దించుండ్రి," అన్నాడు పెద్దాయన. ఇద్దరు పడవలోకి దిగి, ఎత్తబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో మనిషిని పిలిచి దించారు.

"తడిసింది. ఇసుక తడిస్తె బరువైతది," అన్నాడు భాయ్, ఎవరూ అడగకుండానే.

ముడి విప్పి ఇసుకను నీళ్లలో పోయడం కూడా భార్య పనే. వదినె ఒడ్డున కూర్చుని విప్పింది. లోపలి ఇసుక పొడిగా, పిండిలా రాలింది. భాయ్ లేచి తెరచాప మడవడానికి వెళ్లిపోయాడు. ఆమె ఒక అరచేతిని ధార కింద పెట్టి, సంచి ఖాళీ అయ్యేదాకా అలాగే ఉంచింది. తరువాత పెద్దాయనను అడిగింది.

"పడవ నాదేనా?"

"నీదే బిడ్డా."

మరునాడు పొద్దున్నే ఆమె వల వేసుకుని ఒంటరిగా నీళ్ల మీదికి పోయింది. పిల్లలు బడికి పోయారు. ఆ పడవ సంపాదన మీదనే ఇద్దరి పెళ్లిళ్లూ చేసింది. ఆ రోజు గురించి మేం ముగ్గురం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను అడిగి ఉండవచ్చు. ఆమె ఏం చెబుతుందో అని అడగలేదు.

తొంభైల మొదట్లో భాయ్ దుబాయ్ పోయాడు, తెరచాపలు కుట్టేవాళ్లు లేకుండా పోయారు. పోయిన చలికాలంలో వదినె కన్నుమూసింది. ఆ నీళ్ల మీద పందెం ఇప్పుడు పెట్టడం లేదు.