సమాధానాలు ఏడున్నయ్ అన్నా?

నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. నా తెలుగంతా మా నాయనమ్మ బైబిలు చదివించి నేర్పిందే. సువార్త చెప్పమని మా సంఘం నన్ను హైదరాబాదు పంపితే, పోయి పోయి అమీర్‌పేటలో పడ్డాను. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులవి. అంతస్తు అంతస్తుకీ కోచింగ్ సెంటర్లున్న మైత్రీవనం భవనం ముందు కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ల మధ్య, తెల్లచొక్కా మీద టై కట్టుకుని నేను దేవుడి కరపత్రాలు పంచేవాణ్ణి. "మీకు సమాధానం కలుగును గాక" అనేవాణ్ణి ప్రతివాడితోనూ. బైబిలు తెలుగులో సమాధానమంటే శాంతి. అక్కడ మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం.

"జావా ఇంటర్వ్యూవా అన్నా? ప్రశ్నలు సుత ఇస్తరా?" అనేవాళ్లు.

రోజూ ఇదే గోల. ఒక మధ్యాహ్నం ఎండకు నా తల మాడిపోతుంటే, ఒక విద్యార్థి కరపత్రాన్ని అటూ ఇటూ తిరగేసి, "గిండ్ల సమాధానాలు ఏడున్నయ్ అన్నా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ సమాధానం కాదయ్యా! శాంతి, శాంతి!" అని అరిచాను.

"శాంతి మేడమా? ఏ ఫ్లోర్ల చెప్తది?"

"పైన!" అన్నాను, ఆకాశంలోకి వేలు చూపించి.

వాడు థాంక్స్ చెప్పి మెట్ల వైపు పరుగెత్తాడు.