తలుపు గీత చెరిపేసిన దేవసహాయం సార్

మదనపల్లెలో నాకు నిర్మాణవిద్య నేర్పిన ఆర్కిటెక్టు దేవసహాయం సార్ మొన్న శుక్రవారం ప్రభువు సన్నిధికి చేరారు. వార్త వినగానే నాకు తోచిన మొదటి మాట, ఇప్పుడేం చేయాలో సార్‌ను అడగాలని. దుఃఖంలో నా తెలివి అంతే. మహావృక్షం కూలిందని రాయమన్నారు మిత్రులు. సార్ ఐదడుగుల రెండంగుళాల మనిషి. కొలత తప్పితే ఒప్పుకునేవారు కాదు.

పదిమంది వాడుకునే కట్టడాన్ని ఆ పదిమందే గీయాలన్నది ఆయన జీవితవ్రతం. కుప్పం వైపు గుడుపల్లె దగ్గర, గొర్రెలు మేపుకునే ఒక పల్లెకు కొత్త సముదాయ భవనం మంజూరైంది. పాతదాంట్లో ఆడవాళ్లు అడుగే పెట్టలేదు. వాళ్ల సంఘం రోడ్డు పక్కన ఎండలో కూర్చునేది. ఇదీ అంతే అయితే ఆ ఎండ వాళ్ల కూతుళ్లకూ తప్పదు. మా ప్లాను చూసి మగవాళ్లు "బాగుండాది సార్" అన్నారు. ఆడవాళ్లు తలూపారు. సార్ నమ్మలేదు. నిజమైన కొలతలతో నేల మీద సున్నంతో భవనమంతా గీయించి, లోపలికి నడవమన్నారు.

ముందు వచ్చిన మునెమ్మ వాకిలి గీత దగ్గర ఆగిపోయింది.

"యాల నిలిచిపోతివి తల్లీ?" అన్నారు సార్.

"వాకిలి పక్కన అరుగులు గీసినారు గదప్పా. ఆడ మా మామోళ్లు కూసోనుంటారు. వాళ్ల ముందర కోడండ్లం ఎట్ల నడిచేది?"

లేని అరుగు మీద లేని మామకు ఇంత మర్యాదా అని నాకు నవ్వొచ్చింది. సార్ నవ్వలేదు. పెద్దలకు గౌరవమని ప్రతి భవనానికీ ఆ అరుగులు గీసింది ఆయనే. చెప్పుతో ఆ వాకిలి గీత చెరిపి, సున్నం డబ్బా మునెమ్మకిచ్చారు. ఆమె గొర్రెలదొడ్డి వైపు తలుపు గీసింది.

"ఆడ కంపు గదమ్మే!" అన్నాడొక పెద్దాయన.

"ఆ కంపు దినామూ ఇంటికి తెచ్చేదెవరో మామనే అడగండి సార్!" అంది మునెమ్మ.

తిరుగు ప్రయాణంలో నేను నిట్టూర్చాను, పదిహేను రోజుల డ్రాయింగు పోయిందని.

"పోయింది కాగితమే గదప్పా," అన్నారు సార్. "పుంగనూరు కాడ ఇట్లాంటి అరుగులే పెట్టి గోడలు గూడా కట్టేసినానే, దానికేమి చేస్తాము?"

మరుసటి రోజే అక్కడికి వెళ్లి, తాను కట్టించిన భవనం ముందు నిలబడి, "తప్పు గీసినానమ్మా" అని ఆడవాళ్లతో చెప్పారు. వాళ్ల కోసం రెండో తలుపు ఎక్కడ పెట్టాలో తేలకముందే ఆయన వెళ్లిపోయారు.

ఆ పని ఇప్పుడు నాది. నిన్న పుంగనూరు వెళ్లి ఆ ఆడవాళ్లను అడిగాను. "మీ ఇష్టం సార్" అన్నారందరూ, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద వెనక ఏముందో వినగలిగిన చెవి సమాధిలో ఉంది. గురువర్యా, సాష్టాంగ నమస్కారం. గోడ ముందు సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను; ఎక్కడ కొట్టాలో తెలియడం లేదు.