అక్క లెక్క తప్పలేదు

ఆ వీధిలో అందరికీ ఆమె టంకం పిన్ని. తెగిన తీగలను టంకంతో అతికించి, మూగబోయిన రేడియోల చేత మాట్లాడించడం ఆమె పని. మెట్ల మీద జారిపడి మణికట్టు విరిగాక వేళ్లకు వణుకు పట్టుకుంది. ఇక దుకాణానికి తాళం పడింది.

ఒకనాడు తన అక్క కుట్టుపని మానేసిందని తెలిసి పిన్ని పరుగున వెళ్లింది. అక్క పేరుమోసిన దర్జీ. గౌన్ల కొలతలన్నీ ఓ పాత చేతి క్యాలిక్యులేటరు మీదే లెక్కకట్టేది. చూపు మందగించినా, అందులో ఎర్రగా వెలిగే అంకెలు ఆమెకు ఆనేవి.

"నా బుర్ర చెడిపోయిందే," అంది అక్క. "ఒక గౌను నడుం దగ్గర ఊపిరాడనివ్వదు, ఇంకోటి నిలవక జారిపోతుంది."

"బుర్రంటూ ఉంటేగా చెడిపోవడానికి!" అన్నాడు పక్కనే కూర్చున్న బావ. ఎవరూ నవ్వలేదు.

పిన్ని క్యాలిక్యులేటరు అందుకుని ఆరు నొక్కింది. ఐదు వెలిగింది. ఎనిమిది నొక్కితే తొమ్మిది!

"అక్కా, చెడింది నీ బుర్ర కాదు, దీని బుర్ర!"

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దీన్ని బాగుచేసేవాళ్లు ఇప్పుడెవరున్నారు?" అన్నాడు బావ, ఈసారి మెల్లగా.

"నేను లేనూ?" అనేసింది పిన్ని.

ముగ్గురూ వెళ్లి దుకాణం తెరిచి, బల్ల మీది దుమ్ము దులిపి, క్యాలిక్యులేటరు విప్పారు. బ్యాటరీ కారి, అంకెలు వెలిగే పలకకు వెళ్లే వెంట్రుకంత తీగను తినేసింది. అందుకే ప్రతి అంకెలోనూ ఎడమవైపు కింది గీత వెలగక, ఆరు ఐదులా, ఎనిమిది తొమ్మిదిలా కనబడుతున్నాయి. పిన్ని తుప్పు గీకి కొత్త తీగ పెట్టింది. చేయి వణికి టంకం చుక్క పక్క తీగ మీద పడింది.

"నా వల్ల కాదక్కా."

అక్క ఎదురుగా కూర్చుని, జారే పట్టుగుడ్డను కదలకుండా అదిమే రెండు చేతులతో చెల్లి మణికట్టును బల్లకు అదిమిపట్టింది. పిన్ని ఊపిరి బిగబట్టింది. ఒలికిన టంకాన్ని తీసేసి, మళ్లీ అతికించింది. చిన్న పొగ లేచింది. చుక్క ముత్యంలా కుదురుకుంది.

కొత్త బ్యాటరీ వేసి, మీట నొక్కి వరసగా ఎనిమిదులు కొట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకు అన్నీ ఎనిమిదులే, నిప్పుకణికల్లా!

"కనిపిస్తున్నాయే! అన్నీ కనిపిస్తున్నాయి!" అక్క కేక వీధి మలుపుదాకా వినిపించింది. బావ చప్పట్లు కొట్టాడు.

ఆ వారమే రెండు గౌన్లూ విప్పి కుట్టింది అక్క. నడుములు అతికినట్టు సరిపోయాయి. మిగిలిన మందపాటి గుడ్డతో చెల్లి మణికట్టుకు గట్టి పట్టీ ఒకటి కుట్టి, బల్లకు బిగించింది. మర్నాడు పొద్దున్నే పిన్ని దుకాణం ముందు ఓ ముసలాయన రేడియో చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రండి," అంది పిన్ని, పట్టీ బిగించుకుంటూ.