బండ మీద ఊగిన ల్యాప్‌టాప్

ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో నన్ను మంచివాడంటారు. ఏళ్ల తరబడి ఆ మాటే మోస్తున్నాను. తిట్టయితే ఎప్పుడో దులిపేసుకునేవాణ్ణి. పొగడ్త అంత తేలిగ్గా వదలదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను. ఆపాటి ధైర్యమే ఉంటే ఇది మీతో కాదు, మస్తాన్‌తోనే చెప్పి ఉండేవాణ్ణి.

మస్తాన్ నాతో బీటెక్ చదివినవాడు. ఇద్దరికీ పులివెందులలో ఎంటెక్ సీట్లు వచ్చాయి. చదువయ్యాక లెక్చరర్లం కావాలని ఇద్దరి కోరిక. మస్తాన్ వాళ్ల బావ కువైట్‌లో ఒక ఆఫీసుకు డ్రైవరు. అక్కడ పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌లలో రెండు అడిగి తీసుకున్నాడు. సెలవుకు వస్తూ ఒకటి మస్తాన్‌కు, ఒకటి నాకు అని తెచ్చాడు. నాకు ఇవ్వాల్సిన అవసరం వాళ్లకేమీ లేదు. మావాడితో కలిసి చదివే పిల్లోడు కదా అనుకున్నారు, అంతే.

రెండూ పెద్ద కంపెనీలవాళ్లు ఉద్యోగులకిచ్చే రకం. నల్లగా, ఏ సోకూ లేకుండా, దిట్టంగా ఉన్నాయి. ఒకదాని మూత నిండా గీతలు. ఒక మూల సొట్ట. కొన్ని కీల మీద అక్షరాలు అరిగిపోయాయి. రెండోది నిన్ననే డబ్బాలోంచి తీసినట్టుంది, మోడల్ కూడా కొత్తది. ఎవరైనా రెండోదే కోరుకుంటారు. నేనూ కోరుకున్నాను. మస్తాన్ టీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు దాన్నే ముందు తీసి నేల మీద పెట్టుకున్నాను. వాళ్లింట్లో నున్నగా పాలిష్ చేసిన బండల నేల. రెండు అక్షరాలు కొట్టానో లేదో, అది కొంచెం ఊగింది.

జమ్మలమడుగు దగ్గర మా నాన్నకు బండల పాలిష్ మిషన్ ఉంది. బండను చదునైన చోట బోర్లించి, మూల మీద వేలితో నొక్కి చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. ఊగిందంటే నడుమ ఉబ్బెత్తు ఉన్నట్టు. ఆ అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ మూల మీద నొక్కాను. ఊగింది. తిప్పి పెట్టి మళ్లీ నొక్కాను. మళ్లీ ఊగింది. గీతలు పడినదాన్ని పెట్టి నొక్కితే కదల్లేదు.

లోపల బ్యాటరీ ఉబ్బింది. అంతకుముందే మా నాన్న ఫోను అలాగే ఉబ్బి వెనక మూత లేచింది. అలాంటిది వాడితే పరికరం పాడవుతుందని, ఒక్కోసారి అంటుకుంటుందని రిపేరు షాపులో చెప్పారు కూడా. కాబట్టి తెలియక చేశానని అనుకునే వీలు నాకు లేదు.

మస్తాన్ టీ గ్లాసులతో వచ్చాడు.

"నువ్వే ముందర తీస్కోప్పా. నాకు ఏదైనా ఒగటే."

"నాకు ఈ పాతదే సాలు మామా. కొత్తది నువ్వు పెట్టుకో."

"అట్లెట్ల? అది శానా నలిగిపోయింది గదప్పా."

"మీ బావ తెచ్చినాడు. మంచిది నీకే ఉండాల."

గుమ్మంలో నిలబడి వింటున్న వాళ్లమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తోడబుట్టినోడు గూడ ఇట్ల ఇడిసిపెట్టడు నాయనా," అంది.

అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. బ్యాటరీ మార్పించుకుంటే పోయేది. ఆ పని చేసేవాళ్లు ప్రొద్దుటూరులోనే ఉన్నారు. మరి ఎందుకు చెప్పలేదు? చెబితే గీతలున్నా లోపల బాగున్నది నా చేతి నుంచి పోతుందని భయపడ్డానా? చాలాకాలం అదే కారణం అనుకున్నాను. అది నిజం కాదు. చెప్పినా మస్తాన్ మంచిదే నాకిచ్చి, చెడిపోయినది తానుంచుకునేవాడు. అతని తీరు నాకు తెలుసు. కానీ అలా తీసుకుంటే అతని మంచితనం కింద నేను ఉండాలి. నాకు మంచి ల్యాప్‌టాప్ కావాలి, మంచివాడు కూడా నేనే కావాలి. ఆ రోజు రెండూ దొరికాయి.

పులివెందులలో ఒకే గదిలో ఉన్నాం. మస్తాన్ ల్యాప్‌టాప్ చార్జింగులో ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. అతను పడుకున్నాక లేచి వైరు పీకేసేవాణ్ణి. "చార్జింగులో పెట్టి పండుకోవద్దు మామా" అని చెప్పేవాణ్ణి, ఎందుకో చెప్పకుండా. సగం నిజం చెబితే సగం తప్పు తగ్గుతుందని లెక్క వేసుకున్నానేమో. అతను ఇంటికి ఫోన్ చేసి, నన్నే కాదు, నా వస్తువును కూడా సొంతదాని మాదిరి చూసుకుంటాడమ్మా అని చెప్పాడు. పక్కనే కూర్చుని విన్నాను.

రెండో ఏడాది థీసిస్ ఇచ్చే ముందు అతని ల్యాప్‌టాప్ పాడైంది. టచ్‌ప్యాడ్ పైకి లేచి పగిలింది. తర్వాత ఇక ఆన్ కాలేదు. లోపలి డిస్క్ కూడా దెబ్బతిని, అందులోని థీసిస్ పని బయటికి రాలేదు. వేరేచోట దాచుకున్న కాపీ ఎప్పటిదో పాతది. నాది అడిగాడు, ఇచ్చాను, కానీ నా పని అయ్యాకనే ఇచ్చాను. గడువు దాటిపోయింది. ఇంకో ఆరునెలలు చదివించే శక్తి ఇంట్లో లేదన్నారు. మస్తాన్ తిరిగి వచ్చి ప్రొద్దుటూరు బట్టలషాపులో పనికి కుదిరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. నేను లెక్చరర్‌ని. గీతలు పడిన ఆ ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తోంది.

పని ఎప్పటికప్పుడు వేరేచోట దాచుకోకపోవడం అతని తప్పు కాదా అని నన్ను నేను అడుగుతుంటాను. అతని తప్పే. అయితే ఆ ఒక్క తప్పే అతనిది. మిగిలిందంతా నాది.

ఇటీవల అతని చెల్లెలు షబానాకు పీజీ సీటు వచ్చింది. పాత కంప్యూటర్లు అమ్మే షాపువాడు చూసుకోమని రెండు ల్యాప్‌టాప్‌లు ఇంటికి పంపాడు. రెండూ కంపెనీల్లో వాడి తీసేసినవే. నేను వచ్చి ఎంచితేనే తీసుకోవాలని వాళ్లమ్మ పట్టుబట్టిందట. వెళ్లాను. నేల అదే. ఆమె మళ్లీ ఆ పాత సంగతే షబానాకు మొదలుపెట్టింది, నలిగినది నేను తీసుకుని మంచిది మస్తాన్‌కు ఇచ్చానని. నేను తల వంచుకుని ఒకదాన్ని బండ మీద పెట్టి మూల మీద నొక్కాను. కదల్లేదు.

ఎదురుగా కూర్చున్న మస్తాన్ మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు గూడ ఇట్లనే బండ మింద పెట్టి నొక్కినావు గదప్పా. టీ తెచ్చేటప్పుడు సూసినా."

నా వేలు అక్కడే ఉండిపోయింది. అతను నవ్వలేదు. కోపంగానూ లేడు. చెల్లెలి వైపు తిరిగి, "అన్న నొక్కి సూసి ఏది జెప్తే అది తీస్కో పాపా," అన్నాడు.

రెండోదాన్నీ నొక్కాను. అదీ బాగానే ఉంది. బరువు తక్కువున్నది చూపించి లేచాను. "యాడికి పోతాండావు నాయనా, అన్నం తినిపో," అని వాళ్లమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది. నేను ఆగలేదు.

అతనికి ఎప్పటి నుంచి తెలుసు? అసలు తెలుసా, ఊరికే గుర్తొచ్చి అన్నాడా? అడగాలంటే ముందు నేను చెప్పాలి. చెప్పలేకపోయాను. అతనికి తెలిసినా తెలియకపోయినా నేను చేసింది మారదు. అది బండ మీద ఊగింది. ఎందుకు ఊగిందో నాకు తెలుసు. తెలిసే అతనికిచ్చాను. ఈ మాట నాలో నేను కూడా ఎప్పుడూ పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు అన్నాను.