పొగగొట్టం ఎటు వంగాలి

ఏ మేస్త్రికైనా గోడ వంకరగా వస్తే తల కొట్టేసినట్టుంటుంది. మన మేస్త్రికి మాత్రం నిటారుగా వస్తే అలా ఉంటుంది. అందుకే ఆ ఊళ్లో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, వంకర మేస్త్రి అంటారు. ఆయన కట్టేవన్నీ అనగనగా కథల్లోంచి లేచొచ్చిన ఇళ్లు. చెవుల మీదికి లాక్కున్న టోపీలాంటి కప్పు, గుండ్రటి తలుపు, ఒకదానితో ఒకటి పోలని బుల్లి కిటికీలు, పైన ఓ పక్కకి ఒరిగిన పొగగొట్టం. లోపల మంత్రగత్తె పొయ్యి మీద ఏదో పడేసి ఇప్పుడే బయటికెళ్లిందేమో అనిపించాలి. అలా అనిపిస్తేనే ఇల్లు కుదిరినట్టు.

మొదటి ఇల్లు కడుతున్నప్పుడు తోటి మేస్త్రీలు పనులు మానుకుని వచ్చి మరీ వెక్కిరించారు. "గుండు పోయిందా అన్నా? మాది అరువిస్తాంలే" అన్నారు. గుండంటే దారానికి కట్టి వేలాడదీసే ఇనప గుండు, గోడ నిటారుగా ఉందో లేదో చెప్పేది అదే. నవ్విన నాపచేనే పండింది. వెక్కిరించినవాళ్లే తర్వాత పిల్లల్ని తీసుకొచ్చి ఆ ఇళ్ల ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు.

ఇందులో ఓ చిక్కుంది. నిటారుకి గుండుంది, మట్టానికి రసమట్టముంది. వంకరకి కొలతేదీ? కాస్త తగ్గిందా, పని చేతకాని మేస్త్రి కట్టాడంటారు. కాస్త ఎక్కువైందా, నెత్తిన పడుతుందని జనం అవతలి పక్కనుంచి నడుస్తారు. ఆ కొలత ఆయన భార్య దగ్గరుండేది. పొగగొట్టం కట్టే రోజున ఆవిడ మూడు కాళ్ల స్టూలొకటి, ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చి రోడ్డుకి అవతల కూర్చునేది. ఆయన పరంజా మీద నిలబడి ఒక్కో వరస ఇటుకల్నీ కాస్త కాస్త జరుపుతూ పేర్చేవాడు.

"ఏమే, ఎలా ఉంది?"

"మా బావగారిలా ఉంది, బిర్రబిగుసుకుని."

ఇంకాస్త జరిపేవాడు. "ఇప్పుడో?"

"విందులో ఓ చుక్క ఎక్కువైన మా తమ్ముడిలా ఉంది. కొంచెం వెనక్కి లాగండి."

అలా సాగి సాగి ఏదో ఒక వరస దగ్గర ఆవిడ మాటలు మానేసి కిసుక్కున నవ్వేది. అంతే, ఆయన తాపీ పక్కన పెట్టేసేవాడు. ఆవిడ నవ్విన చోట ఆగిన పొగగొట్టాన్ని ఇక ఎవరు చూసినా నవ్వాల్సిందే.

ఆవిడ పోయి రెండేళ్లయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆయన మళ్లీ పొగగొట్టాల జోలికి వెళ్లలేదు. వాళ్లింట్లో గోడకి పూత, వీళ్లింట్లో పగిలిన గచ్చు, అలాంటి పనులతో రోజులు నెట్టుకొచ్చాడు. సాయంత్రం కొట్టువాడు ఏం కావాలని అడిగితే గొంతు పెగలడానికి రెండుసార్లు దగ్గాల్సొచ్చేది. పొద్దుట్నించీ అదే మొదటి మాట మరి.

అలాంటివాడి దగ్గరికి, ఈమధ్యే ఉద్యోగం విరమించిన టీచరమ్మ ఒకావిడ వచ్చింది. ఆవిడా ఒంటి మనిషే. "ముప్పై ఏళ్లు పిల్లలకి ఇలాంటి ఇళ్ల కథలే చెప్పాను మేస్త్రిగారూ. ఒక్కదాంట్లోనైనా ఉండి చూడాలనుంది" అంది. కాదనడానికి నోరు రాలేదు.

గోడలు కుదిరాయి, కప్పు కుదిరింది. పొగగొట్టం దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. మొదటిసారి ఆ బిర్రబిగుసుకున్న బావగారే వచ్చారు, పడగొట్టాడు. రెండోసారి చుక్క ఎక్కువైన బావమరిది వచ్చాడు, అదీ పడగొట్టాడు. రెండుసార్లూ టీచరమ్మ "చాలా బాగుంది మేస్త్రిగారూ" అనే అంది. ఆవిడ మర్యాద దేనికీ పనికిరాలేదు. శనివారం సాయంత్రం పరంజా విప్పి ఇంకో పనికి తీసుకుపోతామని దానివాళ్లు చెప్పేశారు. ఈసారీ కుదరకపోతే ఎవరిచేతనైనా తిన్నటి గొట్టం పెట్టించుకోమని టీచరమ్మకి చెప్పి, ఇక తాపీ ముట్టకూడదని ఆయన తీర్మానించుకున్నాడు.

శుక్రవారం, ఎన్నడూ చెయ్యని పనొకటి చేశాడు. టీచరమ్మ ఇల్లున్న వీధి చివరే, భార్య ఉండగా కట్టిన ఇల్లుంది. వాళ్లనడిగి కప్పెక్కి, ఆ పొగగొట్టం మీద నుంచి గుండు వేలాడదీశాడు. ఏడు వేళ్ల వంకర. శనివారం పొద్దున్నే వచ్చి, కొత్తదాన్నీ అటువైపే, అదే ఏడు వేళ్లు వంచి కట్టాడు. దిగి చూస్తే అచ్చం బావమరిదే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇటుకల్ని తిట్టాడు, సున్నాన్ని తిట్టాడు. కాళ్లీడ్చుకుంటూ మళ్లీ వీధి చివరికి వెళ్లి, ఒకప్పుడు భార్య కూర్చున్న చోటే నిలబడి తలెత్తాడు. ఆ పొగగొట్టం తిన్నగా తనవైపే ఒరిగి ఉంది. పక్క వీధిలో ఇంకో రెండున్నాయి, ఆదరాబాదరాగా వెళ్లి చూశాడు. ఒకటి దర్జీ కొట్టు మెట్టువైపు, ఇంకోటి కుళాయి పక్క అరుగువైపు. ప్రతిదీ ఆవిడ కూర్చున్న చోటుకే వంగింది. తను వంకర పెట్టాననుకున్నాడు ఇన్నేళ్లూ. పని చేస్తూ మనిషి ఎటు చూస్తే చెయ్యి అటే పోతుంది. తను చూసింది ఆవిణ్ణి. ఈ కొత్తదానికి వంగడానికి అవతల ఎవరున్నారు?

ఇంటికెళ్లి స్టూలు తెచ్చాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. ఎక్కడ వెయ్యాలో ఆలోచించాడు. ఇల్లు బాగా కనిపించే చోట ఆవిడ ఏనాడూ కూర్చోలేదు, ముందు నీడ చూసుకునేది, తర్వాత దుమ్ము పడని చోటు చూసుకునేది. టీచరమ్మ ఇంటికి ఎదురుగా మూతపడ్డ కొట్టొకటుంది. దాని గోడ నీడలో వేశాడు. పైకెక్కి పైవరసలు ఊడదీసి స్టూలువైపు తిరగ్గట్టడం మొదలెట్టాడు.

"ఏమే, ఎలా ఉంది?" అన్నాడు పైనుంచి గట్టిగా.

రోడ్డు మీద ఎవరో ఆగి చూసి వెళ్లిపోయారు. ఆయనకి ఏడుపొచ్చింది. చేతులాపకుండానే ఏడ్చాడు. నాలుగో వరస దాటాక చెయ్యి తనంతట తనే ఆగింది.

నాలుగింటికి పరంజా దిగింది. టీచరమ్మ వచ్చి తలెత్తి, అలవాటు ప్రకారం "చాలా బాగు..." అని మొదలెట్టి, పూర్తిచెయ్యలేక కిసుక్కున నవ్వేసింది. వెంటనే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "ఏమీ అనుకోకండి మేస్త్రిగారూ, నవ్వాపుకోలేకపోయాను."

"నవ్వాలమ్మా, దానికి కొలత అదే" అన్నాడాయన. అంటూనే రోడ్డవతలికి చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు.

"అక్కణ్ణించి చూస్తే ఇంకా బాగుంటుందా?" అంటూ టీచరమ్మ రోడ్డు దాటి వెళ్లి, స్టూలు మీద కూర్చోబోయింది.

"అక్కడొద్దమ్మా!" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "తడి సున్నం పడిందమ్మా దానిమీద. బట్టలు పాడవుతాయి."

స్టూలు పొడిగా, శుభ్రంగా ఉంది. టీచరమ్మ దాన్ని చూసింది, ఆయన్నీ చూసింది. పక్కకి జరిగి గోడకానుకుని నిలబడింది. కాసేపు నవ్వుతూ చూసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆయన స్టూలు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మలుపు దగ్గరికొచ్చాక, తాపీ, గుండూ ఉన్న సంచీ అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. పొగగొట్టం ఆ ఖాళీ గోడవైపు ఒరిగి, ఆవిడ ఏమంటుందోనని వింటున్నట్టే ఉంది. ఇల్లున్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. సంచీ కోసం వెళ్లాలనిపించలేదు. పొద్దున్న వచ్చి తీసుకుందాంలే అనుకుని ఇంటికెళ్లిపోయాడు.