ఒక్క ఛాన్స్ సార్

అంతర్జాతీయ క్రీడలు మొదలయ్యాయంటే ఆ రెండు వారాలూ మా ఆఫీసులో అందరమూ కోచ్‌లమే. మామూలు రోజుల్లో లిఫ్టు పాడైతే మూడంతస్తులు ఎక్కలేక ఇంటి నుంచే పనిచేస్తామని మెయిల్ పెట్టే జనం, క్యాంటీన్ టీవీ ముందు నిలబడి ఈమె మోకాలు ఇంకాస్త పైకెత్తాల్సిందనీ, అతను ఊపిరి తప్పు తీశాడనీ తీర్పులు చెబుతుంటాం. అందరికంటే పెద్ద గొంతు నాది. హైటెక్ సిటీలో పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ బుద్ధి ఉద్యోగం దగ్గరే ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఆ ఏడాది మొదటి వారంలోనే మనకో పతకం వచ్చింది. సరిగ్గా భోజనాల వేళ. బరువులెత్తే అమ్మాయి ఆ ఇనుపకడ్డీని తలపైకి లేపి, చేతులు వణుకుతున్నా వదలకుండా నిలబడిందో లేదో, క్యాంటీన్ క్యాంటీనంతా లేచి అరిచింది. ముక్కూ మొహం తెలియని పక్క టీం అమ్మాయిని నేను కావలించుకున్నాను. "మన పిల్ల, మన పిల్ల" అంటూ కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్లది ఏ రాష్ట్రమో అప్పటికి నాకు తెలియదు. సాయంత్రం కేకు తెప్పించారు. బరువెత్తింది మేమే అన్నట్టు దాని చుట్టూ నిలబడి ఫొటోలు దిగాం.

మరుసటి రోజు అదే వేళకి రెండు వందల మీటర్ల పరుగు. తెలంగాణ అమ్మాయి ఒకతి ఉందని ఎవరో చెప్పారు. నిన్నటి ఉత్సాహం ఇంకా దిగలేదు కాబట్టి ప్లేట్లు చేత్తో పట్టుకునే టీవీ ముందుకు చేరాం. ఎనిమిదిమంది నేలకు చేతులానించి వంగారు. తుపాకి పేలకముందే మన అమ్మాయి ముందుకు కదిలింది. వెంటనే ఇంకో మోత మోగించి అందరినీ ఆపేశారు. ఓ అధికారి నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు ఎర్రకార్డు ఎత్తాడు. ఒక్క అడుగు కూడా పరుగెత్తకుండానే ఆమె పోటీ అయిపోయింది.

నిన్న మన పిల్ల అన్నవాళ్లమే ఇవాళ "అసలు దీన్నెవరు పంపారు" అన్నాం. విమానం ఖర్చు దండగ అన్నాడొకాయన. నేనూరుకుంటానా? "కొత్తగూడ సిగ్నల్ దగ్గర ప్రాక్టీసు చేసి ఉంటుంది, ఎర్రలైటుండగానే దూకింది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఎవరో నా భుజం తట్టారు. ఆ నవ్వు నాకెంత బాగుందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

అంతటితో ఆగినా సరిపోయేది. టీవీలో ఆ అమ్మాయి కార్డు చూసి తలూపింది, పక్కకు తిరిగి రెండు చేతులూ జోడించింది, వంగింది, వెళ్లిపోయింది. తర్వాత ఆ వీడియో తెరిచి, చేతులు జోడించిన క్షణం దగ్గర బొమ్మ ఆపి ఫోన్లోకి తీసుకున్నాను. మా వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుకోవడానికి స్టిక్కర్లు చేసే పని ఎప్పుడూ నాదే. బొమ్మలో ఆమెకెదురుగా ఇద్దరు పరుగుపందెం అమ్మాయిలున్నారు. అధికారి ఆమె వెనకాల ఉన్నాడు. నేను ఆ ఇద్దరమ్మాయిలనూ వేలితో చెరిపేశాను. అధికారిని కత్తిరించి తెచ్చి ఆమె ముందు నిలబెట్టాను. కింద "ఒక్క ఛాన్స్ సార్" అని రాశాను. ఐదు నిమిషాల పని.

టెస్టింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటిరోజే చెప్పేది ఒకటుంది. తప్పు దొరికితే స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పెట్టాలి, మనకు కావలసిన ముక్క కోసి పెట్టకూడదు, కోస్తే అసలు తప్పెక్కడుందో ఎదుటివాడికి తెలియదు. ఈ మాట వినకుండా కోసి పంపినందుకు ఓ పిల్లాడిని టీం అందరిముందూ ఏడిపించాను కూడా. అలాంటి నేను ఆ బొమ్మను కోశాను. తెలియక కాదు. ఎదురుగా ఆ అమ్మాయిలుంటే జోకు పండదని.

స్టిక్కర్ ఊరు మీద పడింది. గడువు పెంచమని మేనేజర్ని అడగాలంటే అదే, సెలవు కావాలంటే అదే. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకరు కోసం ఎవరో అదే పెట్టారు. నాలుగో రోజున కాకినాడ నుంచి మా పిన్ని కూతురు నాకే పంపింది. అది చేసింది నేనేనే పిచ్చిదానా అని గర్వంగా జవాబిచ్చాను.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున ఆఫీసు గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు చూసే సెక్యూరిటీ అమ్మాయి నన్ను ఆపింది. ముప్ఫై ఏళ్లుంటాయి. నాలుగేళ్లుగా రోజూ నా బ్యాగు తెరుస్తోంది. కూర తెచ్చుకోని రోజు ఏమైంది మేడం అని అడిగేది. ఆమె గురించి నాకు మాత్రం గోపన్‌పల్లిలో ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియదు. లైనులోంచి పక్కకు రమ్మని, గొంతు తగ్గించి, ఫోను నా ముందు పెట్టింది.

"మేడం, మీరు కంప్యూటర్ల పని చేస్తరు గద. ఇది అందరి ఫోన్లకెళ్లి తీసెయ్యనీకి వస్తదా? ఈమె మా చెల్లె."

తెరమీద నా స్టిక్కరుంది.

నెల కిందట ఆమె నాకు చెప్పింది. మా చెల్లె పోటీలకు పోతున్నది మేడం, విమానంల, అని బ్యాగు జిప్పు వేస్తూ చెప్పింది. నేను ఫోన్లో ఏదో చదువుకుంటూ, ఆల్ ద బెస్ట్ చెప్పు అని లోపలికెళ్లిపోయాను. ఏ పోటీలు, ఏ దేశం అని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు టీవీ ముందు నేను ఎలా నిలబడేదాన్నో నాకు తెలుసు. ఇది మా గేటు అమ్మాయి చెల్లెలని అందరికీ చెప్పుకుని ఊరేగేదాన్ని.

తీయడం కుదరదమ్మా, ఎవరి ఫోన్లో ఉన్నది వాళ్లే తీసుకోవాలి అన్నాను. అది నిజమే. ఆమె, సెక్యూరిటీ వాళ్ల గ్రూపులో తన పెద్దసారే దాన్ని పెట్టాడనీ, అందరూ నవ్వే బొమ్మలు పెట్టారనీ, తనూ ఒకటి పెట్టాల్సి వచ్చిందనీ చెప్పింది. చెల్లెలు శనివారం వస్తుందట. అది చూసిందో లేదో తెలియదట.

"ఇది ఆ సారును బతిమాలుకునుడు కాదు మేడం. పక్కన ఉరికేటోళ్లకు మాఫీ చెప్పింది. ఈమె చేయబట్టి వాళ్లు మళ్ల మొదటికెళ్లి వంగాలె గద. మా చెల్లె ఇప్పటిదాంక ఎవర్ని గిట్ల అడగలే. షూస్ లేనప్పుడు గూడ అడగలే."

ఇది ఎవరు చేశారో కనుక్కోవచ్చా అని అడిగింది. కనుక్కోలేమమ్మా, ఎక్కడ పుట్టిందో ఎవరికి తెలుస్తుంది అన్నాను. నా నోటిలోంచి ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయమేసింది. నేనే చేశాను అనడానికి మూడు సెకన్లు చాలు. వెనక లైనులో మా ఆఫీసు వాళ్లున్నారు, ఆమె ఏడుస్తుందేమో, గొడవవుతుందేమో అనుకున్నాను. నిజానికి ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందనే నా బాధ.

అప్పుడామె ఇంకో సాయం అడిగింది. తనకు రాయడం అంత రాదట. మంచిగ నాలుగు ముక్కలు రాసిస్తే గ్రూపులన్నిట్లో పెడతానంది. రిసెప్షన్ సోఫాలో కూర్చుని ఆమె ఫోన్లోనే రాశాను. ఆ బొమ్మలోంచి ఇద్దరు అమ్మాయిలను చెరిపేశారని, ఆమె చేతులు జోడించింది వాళ్లకేనని, అడగని మాట ఆమె నోట్లో పెట్టారని, దయచేసి పంపకండని రాశాను. నా మీద నేనే ఫిర్యాదు రాసుకున్నాను, అదీ ఎంతో బాగా రాశాను. ఆమె చదువుకుని కళ్లొత్తుకుంది. అంత సంగతి మీకెట్ల సమజయింది మేడం, చూసినట్టే రాసిన్రు అంది.

మధ్యాహ్నానికి ఆ ఉత్తరం మా టీం గ్రూపులోకీ వచ్చింది. పాపం అని కొందరన్నారు. ఇద్దరు ముగ్గురు ఆ ఉత్తరం కిందే స్టిక్కర్ పెట్టారు. అది చేసింది నేనని తెలిసిన ఓ కుర్రవాడు విడిగా మెసేజ్ పెట్టి, అక్కా ఇది నీదే కదా అన్నాడు. ఎవరితోనూ అనకు అని జవాబిచ్చాను. ఆ మాట ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, తీసేయలేదు.

శనివారం మీరు మా ఇంటికి రావాలె, చెల్లెకు మిమ్మల్ని చూపియ్యాలె అని ఆమె పట్టుబట్టింది. వెళ్లాను. అక్కాచెల్లెళ్లిద్దరి ముందూ చెప్పేద్దామని గట్టిగా అనుకునే వెళ్లాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను. గోపన్‌పల్లిలో కొత్త అపార్ట్‌మెంట్ల వెనక, మేడమీద రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ అమ్మాయి టీవీలో కనిపించినదానికంటే చిన్నగా ఉంది. ఇరవైరెండేళ్లు కూడా ఉండవేమో. నేల మీద కూర్చుని తన బట్టలు తనే మడతపెట్టుకుంటోంది. అక్క నన్ను ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి, పాలు తెస్తానని కిందికి వెళ్లింది.

ఇద్దరూ ఉన్నప్పుడు చెబుదామనుకున్నదాన్ని, ఆగలేక అప్పుడే చెప్పేశాను. ఆ స్టిక్కర్ చేసింది నేను, మీ అక్కకు ఆ ఉత్తరం రాసిచ్చిందీ నేనే అన్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

ఆమె మడతపెట్టడం ఆపి నన్ను చూసింది. తిరుగు విమానం ఎక్కకముందే అది తన ఫోన్‌కు వచ్చిందని చెప్పింది. జట్టులో వాళ్లే ఎవరో పంపారట.

"కదిలింది నేనే మేడం. తప్పు నాది. దానికి నవ్వుకున్నరు, నవ్వనీ. ఆ మాట మాత్రం నేననలే."

తెలుసమ్మా అన్నాను. తెలిసే చేశాను అని కూడా అన్నాను. ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తిచేసింది. తర్వాత, అక్కకు చెప్పారా అని అడిగింది. చెప్పలేదు, ఇవాళ చెబుదామనే వచ్చానన్నాను.

"చెప్పకున్రి. అంత పెద్ద బిల్డింగుల మంచోళ్లు ఒక్కరన్న ఉన్నరని మా అక్క రోజు ఫోన్ల చెప్పింది. మీరు చెప్తే మీ బరువు దిగుతది. ఆమె సోమారం మళ్ల గా గేటు కాడ్నే నిలబడాలె గద."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్లిపోదామనుకునేలోగా అక్క పాలప్యాకెట్‌తో వచ్చేసింది. ఉత్తరం రాసింది ఈ మేడమే, మాట్లాడినవా అని చెల్లెలిని అడిగింది. మాట్లాడినక్కా అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా. చాయ్ నాకే ముందిచ్చారు. మొత్తం తాగాను.

ఆ అమ్మాయి ఇంకా పరుగెత్తుతోంది. అక్క ఇంకా మా గేటు దగ్గరే ఉంది. స్టిక్కర్ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు, నేను ఏమీ అనలేక చూస్తుంటాను. కొత్తగా చేరిన సెక్యూరిటీ అమ్మాయిలకు అక్క నన్ను చూపించి, ఏదన్న పరేషాన్ వస్తే ఈ మేడంకు చెప్పుకోండి అంటుంటుంది. మొన్న ఒకమ్మాయి నిజంగానే ఫోను పట్టుకుని వచ్చింది. ఎవరో ఆమె ఫొటోకు ఏదో చేసి గ్రూపులో పెట్టారట. ఉత్తరం రాసిమ్మంది. రాసిచ్చాను. ఆమె థాంక్స్ మేడం అని వెళ్లేదాకా తలెత్తి ఆమె మొహంలోకి చూడలేకపోయాను.