మా ఊరి ఏకైక గాడిద

మా తాతయ్య ఆర్విడ్ లిండ్‌క్విస్ట్‌ని గాడిద అంటున్నానని నన్ను తిట్టకండి. ఆయన పార్టీ గుర్తే గాడిద. అమెరికాలో ఉన్న రెండు పెద్ద పార్టీల్లో అదొకటి, మా ఊరు హాస్కెల్ ఫోర్డ్‌లో మిగతా అందరిదీ రెండోది, ఏనుగు పార్టీ. కుక్కలకి ఓటుంటే అవీ ఏనుగుకే వేస్తాయి. ప్రతి ఎన్నికలోనూ లెక్క తేలాక గాడిదకి ఒక్క ఓటు కనిపించేది. రహస్య ఓటేలెండి, కాకపోతే వెయ్యకముందే ఊరంతటికీ తెలిసిన రహస్యం.

మా అమ్మమ్మ వ్లాస్తా పక్కా ఏనుగు. వాకిట్లో గడ్డి మీద ఎడమ పక్క తాతయ్య పార్టీ బోర్డు, కుడి పక్క ఆవిడది. టీవీలో ఏనుగు వాళ్ళ ప్రకటన రాగానే తాతయ్య చెవి మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. గాడిద వాళ్ళది వస్తే అమ్మమ్మ వంటింట్లో గిన్నెలు మోగిస్తుంది. నేను బడి మానేసి మొక్కజొన్న గోదాములో పనికి చేరానని ఇద్దరూ కలిసి తిట్టారు. వాళ్ళు కలిసి చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

కాదు, ఇంకొకటుంది. ఎన్నికల రోజున ఫైర్‌స్టేషన్ హాల్లో ఓటర్ల పేర్లు సరిచూసే బల్ల దగ్గర కూర్చునేది వాళ్ళిద్దరే. ఆ బల్ల దగ్గర రెండు పార్టీల మనుషులూ ఉండాలి, లేకపోతే బూత్ తెరవరు. ఏనుగు కుర్చీకి ఎవరైనా దొరుకుతారు. గాడిద కుర్చీకి మాత్రం తాతయ్యే దిక్కు. పక్కన అమ్మమ్మ చేసిన చెర్రీ కొలాచేల పళ్ళెం. ఓటెయ్యని వాళ్ళు కూడా ఆ తీపి బన్నుల కోసం వస్తారు.

పోయిన వేసవిలో గాడిద పార్టీ అభ్యర్థి మా ఊరి మీదుగా వెళ్తున్నాడని తెలిసింది. తాతయ్య గడ్డం గీసుకుని, పెళ్ళినాటి టై కట్టుకుని, బోర్డు పట్టుకుని పొద్దుటినుంచీ రోడ్డు పక్కన నిలబడ్డాడు. కారు వచ్చింది. వెళ్ళిపోయింది. వేగం కూడా తగ్గించలేదు. టోపీ నిండా దుమ్ముతో తాతయ్య ఇంటికొచ్చాడు.

"ఆగాడా?" అంది అమ్మమ్మ, నవ్వు ఆపుకుంటూ.

తాతయ్య టోపీ దులిపి మేకుకి తగిలించాడు. మర్నాడు కౌంటీ ఆఫీసుకి వెళ్ళి ఏనుగు పార్టీలో పేరు రాయించుకొచ్చాడు.

కాఫీ కొట్లో ఊరంతా చప్పట్లు కొట్టింది. ఫైర్‌స్టేషన్ పెద్ద డ్వేన్ కుచేరా ఆయన్ని వాటేసుకున్నాడు. వాటేసుకుని ఉండగానే మొహం పాలిపోయింది.

"ఒరేయ్ ఆర్విడ్! మరి బల్ల దగ్గర గాడిద ఎవర్రా?"

చప్పట్లు ఆగిపోయాయి. గాడిద లేకపోతే మా బూత్ ఎత్తేసి పక్కూరు డన్‌మోర్ బూత్‌లో కలిపేస్తారు. డన్‌మోర్ వాళ్ళు ఫుట్‌బాల్‌లో మమ్మల్ని ఓడిస్తారు, కాఫీ పేరుతో గిన్నెలు కడిగిన నీళ్ళు ఇస్తారు.

ఆ సాయంత్రమే ఏనుగులన్నీ మా వాకిట్లో వాలాయి.

"వెనక్కెళ్ళిపో బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు డ్వేన్. "ఆ పార్టీలో మంచివాళ్ళు కూడా ఉన్నార్రా!"

"ఎవరు?" అన్నాడు తాతయ్య.

"నువ్వు!"

"నేను బయటికొచ్చేశాగా. నీకంత ప్రేముంటే నువ్వు చేరు."

"నేనా? మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు!"

ఒక్కొక్కళ్ళనీ అడిగారు. ఒకడికి నడుం నొప్పి, ఒకావిడకి పాస్టరు గారి భయం. తాతయ్య ఉయ్యాల కుర్చీలో ఊగుతూ కూర్చున్నాడు. ఆయన్నంత మంది బతిమాలడం పుట్టాక అదే మొదలు.

అమ్మమ్మ తలుపు తోసుకుని వచ్చింది, చేతులనిండా పిండి. "నా కొలాచేలు డన్‌మోర్ వాళ్ళు మింగాలా? డ్వేన్, కారు తియ్యి. నేను చేరతా గాడిదలో."

తాతయ్య ఊగడం ఆపేశాడు. "నీకేమైనా పిచ్చా వ్లాస్తా?"

"నీకు పట్టింది పిచ్చి కాదా?"

ఎన్నికల రోజు ఇద్దరూ కుర్చీలు మార్చుకుని కూర్చున్నారు. ఆనవాయితీ ప్రకారం వాళ్ళ ఓట్లే ముందు. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, "పేరు చెప్పండమ్మా," అన్నాడు.

"నీ పెళ్ళాన్ని!"

"రూలు రూలే."

హాలంతా నవ్వింది. కొలాచేలు మధ్యాహ్నానికే అయిపోయాయి. రాత్రి లెక్క తేలింది. గాడిదకి ఒక్క ఓటు.

ఊరంతా ఒకసారి తాతయ్య వంక, ఒకసారి అమ్మమ్మ వంక చూసింది. ఇద్దరూ పైకప్పు వంక చూశారు.

ఇంటికొస్తుంటే బండి నేనే తోలాను. కాసేపయ్యాక అమ్మమ్మ అంది. "ఆ దుమ్ము కొట్టి పోయినవాడికేనా వేశావు?"

"చెయ్యి అటే పోయింది," అన్నాడు తాతయ్య, కిటికీలోంచి చూస్తూ. "మరి నువ్వో?"

"నేను చేరింది బల్ల కోసం. ఓటు కోసం కాదు."

తాతయ్య కిటికీ వదిలి ఆవిడ వైపు తిరిగాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో ఒక కొలాచే, కాస్త నలిగింది. సగం తుంచి ఆవిడకిచ్చాడు.

నాకివ్వలేదు. నాకింకా ఓటు రాలేదట.